ఇంట్లో సొంత స్టోరేజ్ సర్వర్: డిస్క్ కొనడం దగ్గర్నుంచి బ్యాకప్ తిరిగి తెచ్చుకోవడం దాకా

పెళ్లి వీడియోలు ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఛార్జింగ్ ఎక్కని పాత ఫోన్‌లో ఉంటాయి. పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు ఎవరి మెయిల్‌లో ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. అప్పట్నుంచి నెలనెలా డబ్బు కట్టాలి, లేదంటే ఏదో ఒకటి చెరిపేస్తూ ఉండాలి. అన్నిటినీ ఇంట్లోనే ఒక సర్వర్‌లో పెట్టుకోవడం మంచి పనే. కానీ సర్వర్ నిలబెట్టడం ఒక సాయంత్రం పని, దాన్ని కాపాడుకోవడమే అసలు పని. అన్నీ ఒకేచోట చేర్చి బ్యాకప్ పెట్టకపోతే, ఇన్నాళ్లూ విడివిడిగా పోయే అవకాశం ఉన్నవి ఒకేసారి పోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద వాటా బ్యాకప్‌కే ఇచ్చాను.

ఇక్కడ చెప్పేది ట్రూనాస్ కమ్యూనిటీ ఎడిషన్ అనే స్టోరేజ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో చేసే పద్ధతి. ఇది ఉచితం, బ్రౌజర్‌లోంచే అంతా నడిపించొచ్చు. సినాలజీ లాంటి రెడీమేడ్ పెట్టె మీ దగ్గర ఉంటే మెనూల పేర్లు మారతాయి గానీ, బ్యాకప్ గురించి చెప్పేవన్నీ మీకూ వర్తిస్తాయి.

ముందు ఏముందో లెక్క చూసుకోండి

డిస్క్ కొనే ముందు ఒక కాగితం మీద మీ ఫైళ్లను మూడు కుప్పలుగా రాయండి. మళ్లీ ఎక్కడా దొరకనివి మొదటి కుప్ప: ఫొటోలు, ఇంటి వీడియోలు, తాతగారి గొంతు రికార్డింగులు, మీరు రాసుకున్నవి. తిప్పలు పడితే దొరికేవి రెండో కుప్ప: సర్టిఫికెట్ల స్కాన్లు, బిల్లులు, పన్ను కాగితాలు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు మూడో కుప్ప.

నేను చూసిన ఇళ్లల్లో మొదటి కుప్ప ఒక టీబీ దాటడం తక్కువ. ఈ సంఖ్య తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ఎందుకంటే మూడు చోట్ల కాపీలు ఉండాల్సింది ఈ కుప్పకే. సినిమాలకు అంత ఖర్చు అక్కర్లేదు.

యంత్రం, కరెంటు

ఇంట్లో మూలపడి ఉన్న డెస్క్‌టాప్ చాలు. 64 బిట్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, డేటా డిస్క్‌లకు రెండు సాటా పోర్టులు, ట్రూనాస్ కోసం విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. ఆ ఎస్‌ఎస్‌డీ మొత్తాన్నీ ట్రూనాసే తీసుకుంటుంది, అందులో మీ ఫైళ్లు పెట్టుకోవడం కుదరదు. కాబట్టి అక్కడ పెద్దది కొనడం దండగ. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ ఉన్నవాళ్లు ట్రూనాస్ బదులు ఓపెన్‌మీడియావాల్ట్ చూడండి.

రెండు డిస్క్‌ల పెట్టె సుమారు 30 వాట్లు లాగుతుందనుకుంటే, రోజంతా నడిస్తే నెలకు 21.6 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ అంతకు రెట్టింపు కూడా లాగొచ్చు. మీ స్లాబ్ రేటుతో గుణించి చూసుకుని పాతదా, కొత్త మినీ పీసీనా అన్నది తేల్చుకోండి.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. అటక మీద పెట్టొద్దు. మే నెలలో మన దగ్గర బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు స్లాబ్ కింద ఇంకా ఎక్కువ ఉంటుంది. డిస్క్ వేడి 45 డిగ్రీల లోపు ఉండేలా గాలి ఆడేచోట, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. దుమ్ము ఫిల్టర్‌ను నెలకోసారి దులపండి.

డిస్క్‌ల ఎంపిక

హార్డ్ డిస్క్‌ల్లో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాలున్నాయి. ఎస్‌ఎంఆర్‌లో డేటా చాళ్లు ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, కాబట్టి ఒక చోట మార్చి రాయాలంటే పక్కవి కూడా తిరిగి రాయాలి. రోజువారీ వాడకంలో ఈ తేడా తెలియదు. ఒక డిస్క్ పాడై కొత్తది పెట్టి డేటా మొత్తం నింపాల్సి వచ్చినప్పుడు మాత్రం పని రోజుల తరబడి సాగుతుంది. అదే సమయంలో రెండో డిస్క్ కూడా ఒత్తిడి మీద ఉంటుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ డిస్క్‌లు కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్క్‌లకు రెడ్ ప్లస్ అన్న పేరు వచ్చింది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్‌లు సీఎంఆర్ డిస్క్‌లే. ఏది కొన్నా మోడల్ నంబరు పెట్టి కంపెనీ స్పెసిఫికేషన్‌లో ఒకసారి చూసుకోండి.

రెండు డిస్క్‌లూ ఒకే రోజు, ఒకే కొట్టులో కొనకపోవడం మేలు. ఒకే బ్యాచ్‌లో తయారైనవి దగ్గరదగ్గరి సమయంలో పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంటికి రాగానే సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వారంటీ చూడండి. 2025 మొదట్లో, వాడేసిన సీగేట్ డిస్క్‌లను నడిచిన గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం జర్మనీలో బయటపడింది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే రాసిపెట్టుకునే స్మార్ట్ లెక్క సున్నా చూపించినా, ఫార్మ్ అనే మరో లాగ్‌లో అసలు గంటలు దొరికాయి. చవగ్గా వచ్చిందని సంబరపడేముందు ఆ లాగ్ కూడా చూడాలి.

డేటా ఎక్కించే ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడపండి. 4 టీబీ డిస్క్‌కు ఒక రాత్రి పడుతుంది. తర్వాత మూడు సంఖ్యలు చూడండి: 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197 పెండింగ్ సెక్టార్లు, 198 అన్‌కరెక్టబుల్ సెక్టార్లు. కొత్త డిస్క్‌లో మూడూ సున్నా ఉండాలి. ఒక్కటి కనిపించినా మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

4 టీబీ డిస్క్ తెరమీద 3.63 అని కనిపిస్తే కంగారుపడకండి. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, కంప్యూటర్ 1024తో గుణిస్తుంది. తేడా అంతే.

ఇన్‌స్టాల్ చేయడం

ఇది త్వరగా అయిపోతుంది. ట్రూనాస్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దించుకుని రూఫస్‌తోనో బలేనా ఎచర్‌తోనో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. డేటా డిస్క్‌ల వైర్లు ఇప్పుడే తగిలించకపోతే పొరపాటున వాటిని ఎంచుకునే ప్రమాదం ఉండదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎస్‌ఎస్‌డీని ఎంచుకుని, అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టండి. అయిపోయాక పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే తెరమీద ఒక ఐపీ అడ్రస్ వస్తుంది. అది ఇంకో కంప్యూటర్ బ్రౌజర్‌లో కొడితే మీ సర్వర్ తెరుచుకుంటుంది. ఇక దానికి మానిటర్, కీబోర్డ్ అక్కర్లేదు.

రౌటర్ సెట్టింగుల్లో ఆ ఐపీని సర్వర్‌కే రిజర్వ్ చేయండి, లేకపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా మారొచ్చు. వైఫై వద్దు, కేబుల్ వేయండి. క్యాట్5ఈ చాలు. రౌటర్ పోర్టు గిగాబిట్‌దా, 100 ఎంబీపీఎస్‌దా అన్నది చూడండి. గిగాబిట్ అయితే ఒక టీబీ రెండున్నర గంటల్లో ఎక్కుతుంది, పాత పోర్టయితే ఒక రోజు పైనే పడుతుంది.

పూల్, డేటాసెట్లు, షేర్లు

డేటా డిస్క్‌లు తగిలించి, స్టోరేజ్ మెనూలో క్రియేట్ పూల్ నొక్కండి. పూల్ అంటే డిస్క్‌లన్నీ కలిపి చేసిన ఒకే నిల్వ. రెండు డిస్క్‌లయితే మిర్రర్ (రెండిటిలోనూ అదే డేటా) తప్ప వేరే ఆలోచన వద్దు. స్ట్రైప్ ఎంచుకుంటే చోటు రెట్టింపు వస్తుంది గానీ ఒక్క డిస్క్ పోతే మొత్తం పోతుంది. నాలుగు డిస్క్‌లుంటే, ఏ రెండు పోయినా డేటా నిలిచే రెయిడ్‌జెడ్2 గురించి ఆలోచించొచ్చు.

ట్రూనాస్ కింద నడిచేది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తయారుచేసి 2005లో బయటకు వదిలారు. ఇది ప్రతి బ్లాక్‌కూ ఒక చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే సంఖ్య) రాసిపెట్టుకుంటుంది. చదివేటప్పుడు చెక్‌సమ్ తప్పితే, మిర్రర్‌లో ఉన్న మంచి కాపీ తీసుకుని చెడ్డదాన్ని తనే సరిచేస్తుంది. పదేళ్ల కింద తీసిన ఫొటో తెరిస్తే సగం బూడిదరంగు గీతలు కనిపించే దుస్థితి ఇక్కడ ఉండదు. నేను దీన్నే ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

పూల్‌లో నేరుగా ఫైళ్లు వేయకుండా ఫొటోలు, కాగితాలు, సినిమాలు అని విడివిడి డేటాసెట్లు (విడిగా సెట్టింగులు పెట్టుకోగల ఫోల్డర్ల లాంటివి) చేయండి. రేపు స్నాప్‌షాట్లూ బ్యాకప్పులూ డేటాసెట్ వారీగానే పెట్టుకుంటారు. మొదట రాసుకున్న మూడు కుప్పలు ఇక్కడ పనికొస్తాయి.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక యూజర్ ఖాతా తెరవండి. అడ్మిన్ ఖాతాతో ఫైళ్ల పని చేయొద్దు. తర్వాత షేర్స్‌లో విండోస్ షేర్ జోడించి డేటాసెట్‌ను చూపించండి. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ వెంటే సర్వర్ ఐపీ కొడితే షేర్ కనిపిస్తుంది. టీవీకి ఇచ్చే ఖాతాకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఒక సంగతి. పేరుకు పరిమితి 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి కోడ్ మూడు బైట్లు. ఒత్తు, గుణింతం కూడా విడి కోడ్‌లే. చూడ్డానికి ఒక్క అక్షరంలా ఉండే ‘చ్చి’ నాలుగు కోడ్‌లు, అంటే 12 బైట్లు. మొత్తంమీద 85 కోడ్‌ల దగ్గర పేరు ఆగిపోతుంది. ‘అమ్మమ్మగారింట్లో సంక్రాంతి 2014’ లాంటి పేర్లకు ఇబ్బందేమీ లేదు. వాక్యాలకు వాక్యాలు పేరుగా పెట్టిన ఫైళ్లు మాత్రం కాపీ మధ్యలో ఆగిపోతాయి.

స్నాప్‌షాట్లు, స్క్రబ్, ఈమెయిల్

స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకోవడం. డేటా ప్రొటెక్షన్ మెనూలో పీరియాడిక్ స్నాప్‌షాట్ టాస్క్ పెట్టండి. గంటకోటి తీసి రెండు రోజులు, రోజుకోటి తీసి నెల, వారానికోటి తీసి ఏడాది ఉంచితే ఇంటికి బాగా సరిపోతుంది. మారిన బ్లాక్‌లకే చోటు పడుతుంది కాబట్టి ఫొటోల డేటాసెట్‌లో ఇవి దాదాపు ఖర్చు లేనివి. ఎవరైనా ఫోల్డర్ చెరిపేస్తే, విండోస్‌లో పై ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ తెరిచి నిన్నటిది వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో ఒక లాప్‌టాప్‌కు ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పట్టినప్పుడు మిమ్మల్ని నిలబెట్టేవి కూడా ఇవే. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, విండోస్ షేర్లు వాడే ఎస్‌ఎంబీలోని పాత లోపం పట్టుకుని ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ర్యాన్సమ్‌వేర్ లాప్‌టాప్‌లోంచి షేర్‌లోని ఫైళ్లకు తాళం వేసేయగలదు గానీ, షేర్ యూజర్‌కు స్నాప్‌షాట్లు చెరిపే హక్కు ఉండదు. అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఆ లాప్‌టాప్ బ్రౌజర్‌లో సేవ్ చేసి ఉంచకండి మరి.

స్క్రబ్ అంటే డిస్క్‌ల మీది డేటా అంతా చదివి చెక్‌సమ్‌లతో సరిచూడటం. నెలకోసారి నడిచేలా ఉంచండి. ఈమెయిల్ అలర్ట్‌లు పెట్టి, టెస్ట్ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిందాకా ఆ పేజీ వదలకండి. ఒక డిస్క్ పోయినా మిర్రర్ నడుస్తూనే ఉంటుంది. చెప్పేవాళ్లు లేకపోతే రెండోది కూడా పోయినప్పుడే మీకు తెలుస్తుంది.

కరెంటు కోతలకు యూపీఎస్ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారే సమయం ఎక్కువ కాబట్టి కంప్యూటర్ రీస్టార్ట్ కావొచ్చు. పైగా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ సర్వర్‌కు చెప్పలేదు. యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ కొంటే, ట్రూనాస్‌లోని యూపీఎస్ సర్వీస్ ఆ సంకేతం అందుకుని సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది. చవక మోడళ్లు చాలావాటిలో ఈ పోర్టు ఉండదు, అడిగి కొనండి.

ఇక బ్యాకప్

ఇంతవరకూ చేసినదేదీ బ్యాకప్ కాదు. మిర్రర్ ఒక డిస్క్ పాడైతే ఆదుకుంటుంది. స్నాప్‌షాట్ చేతి పొరపాటు నుంచి ఆదుకుంటుంది. రెండూ అదే పెట్టెలో ఉన్నాయి. పిడుగు పడినా, దొంగ ఎత్తుకెళ్లినా, వరద నీళ్లు వచ్చినా రెండూ కలిసే పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు కింది అంతస్తులు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎన్ని డిస్క్‌లున్నా ఒకటే.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ ఆధారం: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట. మన ఇళ్లకు సరిపోయేలా దాన్ని ఇలా చేయొచ్చు.

రెండు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు కొనండి. ఒక్కోదానిమీద ట్రూనాస్‌లోనే విడి పూల్ చేయండి, పాస్‌ఫ్రేజ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచే పూల్‌కు యూఎస్‌బీ పనికిరాదు గానీ, అప్పుడప్పుడూ పెట్టి తీసే బ్యాకప్‌కు పరవాలేదు. డేటా ప్రొటెక్షన్‌లో రెప్లికేషన్ టాస్క్ చేసి, ఫొటోలు, కాగితాల డేటాసెట్లను అటు పంపండి. గమ్యం దగ్గర ఇన్‌హెరిట్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి. మొదటిసారి మొత్తం వెళ్తుంది, తర్వాత మారినవే వెళ్తాయి.

పని అయ్యాక డిస్క్‌ను ఊరికే లాగేయొద్దు. స్టోరేజ్‌లో ఆ పూల్ దగ్గర ఎక్స్‌పోర్ట్/డిస్‌కనెక్ట్ నొక్కాలి. అప్పుడొచ్చే పెట్టెలో ఈ పూల్‌లోని డేటాను నాశనం చేయాలా అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ ఉండకూడదు. సేవ్ చేసిన సెట్టింగులు చెరిపేయాలా అన్న గడిలో కూడా టిక్ తీసేయండి, లేకపోతే రెప్లికేషన్ టాస్క్ పోతుంది. పూల్ పేరు కూడా మీరు అనుకున్నదేనా అని చదివి, అప్పుడు నొక్కండి. ఈ మొత్తం మార్గదర్శిలో తొందరపడకూడని చోటు ఏదైనా ఉందంటే అది ఇదే.

ఒక డిస్క్ ఇంట్లో బీరువాలో, రెండోది ఊళ్లో అమ్మావాళ్లింట్లో ఉండాలి. సంక్రాంతికి, ఉగాదికి, దసరాకి ఎలాగూ వెళ్తాం. వెళ్లే ముందు రోజు బీరువాలోదాన్ని తాజా చేసి తీసుకెళ్లి, అక్కడిది వెనక్కి తెచ్చుకోండి. ఇంటర్నెట్ ఖర్చు లేదు, నెలవారీ చందా లేదు. పండుగ తేదీలు కాబట్టి మర్చిపోవడం కూడా కష్టం.

ఆ మధ్యకాలంలో తీసిన ఫొటోల కోసం క్లౌడ్ వాడండి. క్లౌడ్ సింక్ టాస్క్‌లో బ్యాక్‌బ్లేజ్ బీ2 లాంటి సేవను ఎంచుకుని, దిశ పుష్, పద్ధతి కాపీ అని పెట్టండి. సింక్ అని పెడితే ఇక్కడ చెరిగినవి అక్కడా చెరిగిపోతాయి. రిమోట్ ఎన్‌క్రిప్షన్ పెట్టండి, ఫైల్‌నేమ్ ఎన్‌క్రిప్షన్ మాత్రం వదిలేయండి. పేరును ఎన్‌క్రిప్ట్ చేస్తే పరిమితి 143 బైట్లకు పడిపోతుంది, తెలుగు పేర్లయితే 47 కోడ్‌లే. మొదటి కుప్ప మాత్రమే పంపండి. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఒక టీబీ ఎక్కడానికి సుమారు రెండున్నర రోజులు ఆగకుండా పడుతుంది, కాబట్టి రాత్రిళ్లు మాత్రమే నడిచేలా షెడ్యూల్ పెడితే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇమ్మిచ్ లాంటి ఫొటో యాప్ సర్వర్ మీద నడుపుతుంటే, ఫొటోల ఫోల్డర్‌తో పాటు దాని డేటాబేస్ కూడా బ్యాకప్‌లో ఉండాలి. లేకపోతే ఫొటోలు మిగులుతాయి గానీ ఆల్బమ్‌లు, ముఖాలకు మీరు పెట్టిన పేర్లు పోతాయి.

సర్వర్ సెట్టింగుల బ్యాకప్ వేరే. సిస్టమ్ సెట్టింగుల్లో కాన్ఫిగరేషన్ ఫైల్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ సీక్రెట్ సీడ్ అన్న గడిలో టిక్ పెట్టండి. అది లేని ఫైల్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలో ఎక్కిస్తే దాచిన పాస్‌వర్డ్‌లు పనిచేయవు. ఆ ఫైల్ సర్వర్‌లోనే ఉంటే ఉపయోగం లేదు, ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో కూడా ఉంచండి.

బయటి నుంచి చూడాలంటే

రౌటర్‌లో పోర్టులు తెరిచి సర్వర్‌ను ఇంటర్నెట్‌కు చూపించకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ర్యాన్సమ్‌వేర్ ఇలా బయటకు కనిపిస్తున్న క్యూనాప్ పెట్టెల్నే వేటాడింది. మన దేశంలో చాలా కనెక్షన్లు ఎలాగూ సీజీనాట్ (ఒకే బయటి ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి కాబట్టి పోర్టు తెరిచినా పనిచేయదు. మీ పరికరాలను మాత్రమే ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ వేసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా తమ ఫోన్‌లో అదే పెట్టుకుని ఇంటి ఫొటోలు చూడొచ్చు.

తిరిగి తెచ్చి చూడటం

పండుగకు వెళ్లి డిస్క్ మార్చుకుని వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. ఊరి నుంచి తెచ్చిన డిస్క్‌ను ఇంపోర్ట్ చేసి, పాస్‌ఫ్రేజ్‌తో తెరిచి, ఒక పాత ఫోల్డర్‌ను లాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. ఫొటోలు నిజంగా తెరుచుకుంటున్నాయా, వీడియో చివరిదాకా ఆడుతుందా, సంఖ్య సరిపోయిందా చూడండి. క్లౌడ్ నుంచి కూడా ఒక ఫోల్డర్ దించండి. క్లౌడ్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ తప్పని అప్పుడు తెలిసినా నష్టం లేదు, అసలు ఫైళ్లు ఇంకా చేతిలోనే ఉంటాయి. డిస్క్‌ను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ గడుల్ని మళ్లీ చదవండి.

చివరి పని కాగితం మీద. సర్వర్ ఐపీ, అడ్మిన్ పాస్‌వర్డ్, ఎక్స్‌టర్నల్ డిస్క్‌ల పాస్‌ఫ్రేజ్, క్లౌడ్ ఖాతా, దాని ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, ఏ డిస్క్ ఎక్కడుంది అన్నవి స్పష్టంగా రాయండి. ‘ఈ డిస్క్‌ను విండోస్‌కు తగిలిస్తే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, చేయొద్దు, ట్రూనాస్ ఉన్న కంప్యూటర్‌కు తగిలించి ఇంపోర్ట్ చేయాలి’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. దీన్ని రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంటి దస్తావేజుల్లో, రెండోది ఊళ్లో డిస్క్ ఉన్నచోట కాకుండా మీకు నమ్మకమున్న ఇంకొకరి దగ్గర ఉంచండి. రాసిన కాగితాన్ని ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా, వాళ్ల చేతే ఒక ఫొటో తెరిపించండి. ఎక్కడ ఆగారో అక్కడ ఇంకో వాక్యం కలపండి.